ఒకే సొరుగులో రెండు పాత పిస్టళ్లు: ఏది పేల్చాలి, ఏది దాచాలి

అమెరికా సైన్యం వాడిన 1911 మోడల్ .45 పిస్టళ్లలో పాతది కొనాలనుకునేవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది ధర. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: పేల్చడానికి కొంటున్నారా, దాచుకోవడానికా? అది తేలితే ధర దానంతటదే తేలుతుంది. ఎవరో ఎప్పుడో ఆకురాయి పెట్టి, డ్రిల్లు వేసి మార్చేసిన పిస్టల్ విషయంలో ఈ ప్రశ్నను దాటేస్తే రెండు విధాలా నష్టం. కలెక్టర్ ధర పోసి కొని, పోటీకి పనికిరాని వస్తువును ఇంటికి తెచ్చుకుంటారు. లేదంటే చెక్కుచెదరని పాత వస్తువును తక్కువలో కొని, దాన్ని పోటీ పిస్టల్‌గా మార్చబోయి పాడుచేస్తారు. నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో ఆ రెండు ప్రమాదాలూ ఒకే సొరుగులో ఎదురయ్యాయి.

నేను ఒహైయోలో లైసెన్సు తీసుకుని తుపాకుల మరమ్మతు చేస్తాను. నా దగ్గరికి వచ్చే పనిలో ఎక్కువ భాగం 1911లదే. ఈ కేసులో కొనేవాడు తెనాలి దగ్గరి ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు, ఇప్పుడు అమెరికా పౌరుడు. చలికాలంలో ఇండోర్ లీగుల్లో .22 పిస్టల్‌తో బుల్స్‌ఐ అనే గురిపోటీ ఆడుతున్నాడు (.22, .45 అన్నవి అంగుళాల్లో తూటా లావు). హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చాక మన ఇళ్లలో పిస్టల్ షూటింగ్ అంటే ఏమిటో తెలిసింది. బుల్స్‌ఐ కూడా అలాంటి ఒంటిచేతి ఆటే, కాకపోతే తూటాలూ దూరాలూ వేరు. పూర్తి పోటీలో .22తో 90, సెంటర్‌ఫైర్‌తో (అడుగు మధ్యలో పిన్ను తగిలి పేలే తూటా రకం) 90, .45తో 90 తూటాలు కాల్చాలి. మొత్తం 2700 పాయింట్లు. నిదానంగా కాల్చేవి 50 గజాల నుంచి. 20 సెకన్లలో ఐదు, 10 సెకన్లలో ఐదు కాల్చేవి 25 గజాల నుంచి. ఎప్పటికైనా ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీలో జరిగే జాతీయ పోటీలకు వెళ్లాలని అతని కోరిక. అందుకు .45 కావాలి.

అతని క్లబ్బులో ఒక పెద్దాయన చనిపోతే, ఇంట్లో మిగిలిన తుపాకులను కుటుంబం అమ్మకానికి పెట్టింది. సొరుగులో రెండు .45లు ఉన్నాయి. రెండూ రెండో ప్రపంచయుద్ధ కాలపు 1911ఏ1లే, అంటే 1911కు కొంచెం మార్చిన రూపం. ఒకటి రెమింగ్టన్ రాండ్ కంపెనీ ఫ్రేమ్ (పిస్టల్ కింది శరీరం) మీద కట్టిన టార్గెట్ పిస్టల్. స్లైడ్ (పేలినప్పుడు వెనక్కు కదిలే పై భాగం) పైన ఈ కొస నుంచి ఆ కొసకు బోమార్ రిబ్, అంటే గురి చూసే సైట్లు ఉండే పొడవాటి పట్టీ, పొడవాటి అల్యూమినియం ట్రిగ్గర్, పట్టు జారకుండా పిడి ముందు పట్టీ నిండా పంచ్‌తో కొట్టిన చుక్కలు. రెండోది ఇథాకా కంపెనీ చేసినది, ఎవరూ చెయ్యి పెట్టనిది. పూత అక్కడక్కడా అరిగి, పిడి మీద గోధుమరంగు ప్లాస్టిక్ పలకలతో ఉంది. కుటుంబం మొదటిదానికి 2,600 డాలర్లు, రెండోదానికి 1,500 చెప్పింది. మొదటిది "సైన్యం నిపుణులు చేసినది" అని పెద్దాయన అంటుండేవాడట, అందుకని ఆ ధర.

మనవాడు ఫోటోలు పంపి, "అన్నా, మొదటిది మరీ ఎక్కువ చెబుతున్నారు. ఇథాకా తక్కువలో వస్తోంది కదా, దీనికే నువ్వు సైట్లు, మంచి బ్యారెల్ వేసి ఇవ్వరాదా?" అని అడిగాడు. ఆ పని నేను చేయనన్నాను. రెండూ నేను చూసేదాకా ఎవరికీ మాట ఇవ్వొద్దన్నాను.

ఇన్ని పిస్టళ్లను ఎందుకు మార్చారు

ఈ నేపథ్యం తెలియకపోతే పాత టార్గెట్ 1911 విలువ అర్థం కాదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911 మార్చిలో తీసుకుంది. 1920ల్లో చిన్న చిన్న మార్పులతో 1911ఏ1 అయింది. రెండో ప్రపంచయుద్ధంలో కోల్ట్‌తో పాటు రెమింగ్టన్ రాండ్, ఇథాకా, యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ అన్నీ కలిపి లక్షల్లో చేశాయి. కుట్టుమిషన్ల సింగర్ కంపెనీ చేసినవి 500 మాత్రమే. వాటిలో ఒకటి దొరికితే కలెక్టర్లు ఆస్తులు రాసిస్తారు.

యుద్ధం తర్వాత ఈ పిస్టళ్లు కుప్పలుగా మిగిలిపోయాయి. 1960ల మొదట్లో ప్రభుత్వ విభాగమైన డీసీఎం వాటిని షూటర్లకు 17 డాలర్లకు అమ్మింది. ఆ రోజుల్లో ఒక షూటర్‌కు ఇది చవగ్గా దొరికిన ముడిసరుకు. దాని పూత గురించి, స్టాంపుల గురించి ఎవరూ ఆలోచించలేదు. వదులుగా ఉండే సైనిక పిస్టల్‌ను 50 గజాల దగ్గర పది గీతలోకి (పది పాయింట్ల వలయంలోకి) తేవాలంటే స్లైడ్ బిగించాలి, బ్యారెల్ కూర్చోబెట్టాలి, సైట్లు మార్చాలి. లూసియానాలో జిమ్ క్లార్క్, ఫ్లోరిడాలో జాన్ గైల్స్, శాన్ ఫ్రాన్సిస్కోలో బాబ్ చౌ వంటివాళ్లు ఈ పనికి పేరు మోశారు. సైన్యం కూడా తన పోటీ జట్ల కోసం నేషనల్ మ్యాచ్ పిస్టళ్లను తయారుచేయించింది.

కాబట్టి మార్పు జరిగినంత మాత్రాన విలువ పోయిందని తీర్మానించకూడదు. క్లార్క్ చేతిపని అని రుజువున్న పిస్టల్‌కు, కాగితాలున్న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ (సైనిక ఆయుధాగారం) నేషనల్ మ్యాచ్‌కు వాటి కలెక్టర్లు వాటికి ఉన్నారు. అయితే ఆ విలువంతా రుజువు మీదే నిలబడుతుంది. అమ్మేవాళ్ల నోటిమాటకు నేను ఒక్క డాలరు కూడా కట్టను. అది ఆ పెద్దాయన మీద అనుమానం కాదు. రేపు ఇదే పిస్టల్ అమ్మబోతే, ఆ మాటకు కొనేవాడు కూడా ఏమీ కట్టడు.

రెమింగ్టన్ రాండ్ మీద దొరికినవి

ముందు ఖాళీ చేసి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) కంటితోనూ వేలితోనూ చూసుకుని, విప్పాను.

ఫ్రేమ్ ఎడమ పక్క ఎఫ్‌జేఏ అన్న ఇన్‌స్పెక్టర్ ముద్ర సరిగానే ఉంది. అది ఫ్రాంక్ అట్‌వుడ్ పేరు. రెమింగ్టన్ రాండ్, ఇథాకా రెండింటి మీదా కనిపిస్తుంది. స్లైడ్ మాత్రం ఆ ఫ్రేమ్‌తో పుట్టినది కాదు, యుద్ధం తర్వాత విడిభాగంగా వచ్చిన గట్టి రకం కోల్ట్ స్లైడ్. కలెక్టర్ దృష్టిలో ఇది లోపం. షూటర్‌కు ఇదే శుభవార్త. యుద్ధకాలపు స్లైడ్లను ఇప్పటి వాటిలా ఆసాంతం గట్టిపరచలేదు, దెబ్బ పడే కొన్ని చోట్లే గట్టిపరిచారు. వేల తూటాలు కాల్చే పిస్టల్‌కు తర్వాతి కాలపు స్లైడే మేలు.

బ్యారెల్ మీద 7791414, దాని పక్కన ఎన్‌ఎం అని ఉంది. అంటే అసలైన సైనిక నేషనల్ మ్యాచ్ బ్యారెల్. ఇక్కడ మనవాడి కళ్లు మెరిశాయి, "అయితే సైన్యం చేసిందేగా అన్నా" అన్నాడు. కాదు. ఎన్‌ఎం బ్యారెళ్లు విడిగా కూడా చేతులు మారాయి, ఎవరైనా కొని వేసుకోవచ్చు. పైగా సైనిక పోటీ నిబంధనల్లో వాడే సర్వీస్ పిస్టల్ పైకి సర్వీస్ పిస్టల్‌లాగే కనిపించాలి. స్లైడ్ నిండా రిబ్ ఉన్నదాన్ని అందులో వాడనివ్వరు. తేలికపాటి తూటాల కోసం కట్టిన వాడ్‌కట్టర్ పిస్టల్ ఇది. సైన్యపు పోటీ విభాగం వాడ్‌కట్టర్లు కూడా కట్టిన మాట నిజమే కానీ, ఈ పిస్టల్ మీద వాళ్ల గుర్తులు గానీ, సొరుగులో ఒక్క కాగితం గానీ లేవు. చేసినవాడు మంచి పనివాడని మాత్రం చెప్పగలను. ఫ్రేమ్ పట్టాలను సుత్తితో సమంగా దించి, స్లైడ్‌ను వాటి మీద అరగదీసి కూర్చోబెట్టిన తీరు చూస్తే తెలుస్తుంది. అంతకాలం తర్వాత కూడా స్లైడ్ పక్కలకు ఊగడం లేదు.

అసలు సమస్యలు లోపల ఉన్నాయి.

స్లైడ్ మూసి, బ్యారెల్ వెనక కొసను బొటనవేలితో కిందికి నొక్కితే కిందికి దిగింది. బాగా కూర్చున్న బ్యారెల్ అలా దిగకూడదు. విప్పి చూస్తే, బ్యారెల్‌ను ఫ్రేమ్‌కు కలిపే చిన్న ముక్క, లింకు, మామూలు కంటే పొడవైనది వేసి ఉంది. బ్యారెల్‌ను పైకెత్తడానికి పూర్వం వాడిన దగ్గరిదారి అది. బ్యారెల్ కింది కాళ్లు స్లైడ్ స్టాప్ పిన్ను మీద నిలబడాలి. ఇక్కడ బరువంతా చిన్న లింకు మీదే పడుతోంది. ఒక కాలు విరిగిన మంచాన్ని ఇటుక మీద నిలబెట్టినట్టు. పేల్చిన ప్రతిసారీ పై లగ్గులు (బ్యారెల్ మీద ఉండి స్లైడ్‌లో ఇరుక్కునే గట్లు) సగం పట్టుకుని జారుతుంటాయి. వాటి ముందు అంచులు అప్పటికే గుండ్రంగా వంగిపోయాయి.

స్లైడ్‌ను మళ్లీ ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగు చూస్తే అందుకు రెండో కారణం కూడా దొరికింది. సైనిక పిస్టల్‌కు ఉండేది 16 పౌండ్ల స్ప్రింగు. 185, 200 గ్రెయిన్ల తేలికైన టార్గెట్ తూటాలతో స్లైడ్ పూర్తిగా వెనక్కు రావాలంటే అంతకంటే మెత్తనిది వేస్తారు, ఇందులో కూడా అదే ఉంది. పెద్దాయన పోయాక ఆయన కొడుకు దుకాణంలో కొన్న 230 గ్రెయిన్ల మామూలు తూటాలు కొన్ని డబ్బాలు ఇదే స్ప్రింగుతో కాల్చాడు. తెలియక చేసిన పని. మెత్తటి స్ప్రింగుతో అంత బలమైన తూటా కాలిస్తే స్లైడ్ ఫ్రేమ్‌ను గుద్దుతుంది. పాత టార్గెట్ పిస్టల్ కొన్నవాళ్లు కొత్త తూటా ఏదీ అందులో పెట్టకముందే లోపలున్న స్ప్రింగు ఏ రకమో తెలుసుకోవాలి. అనుమానంగా ఉంటే కొత్తది వేసుకోవాలి. కొద్ది డాలర్ల వస్తువుకు పిస్టల్‌ను బలి ఇవ్వకూడదు.

పగుళ్ల కోసం ఎరుపు రంగు డై పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లాను. స్లైడ్‌లో ఏమీ లేదు. ఫ్రేమ్‌లో, స్లైడ్ స్టాప్ రంధ్రం పైన పట్టాలో ఉండే సన్నటి వంతెన దగ్గర వెంట్రుకంత ఎర్రగీత తేలింది. 1911లకు ఇది తెలిసిన జబ్బే. అక్కడి లోహం భారం మోసేది కాదు. కోల్ట్ కంపెనీయే తర్వాతి పిస్టళ్లలో ఆ వంతెనను తీసేసింది. ప్రాణాపాయం లేదు కానీ, ధర చెప్పేటప్పుడు దాచకూడని విషయం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ట్రిగ్గర్. బరువు కట్టి చూస్తే రెండు ముప్పావు పౌండ్లకే వదిలేస్తోంది. బుల్స్‌ఐలో .45కు మూడున్నర పౌండ్లకు తగ్గకూడదు. ఖాళీ పిస్టల్‌లో హ్యామర్ ఎక్కించి, బొటనవేలి సేఫ్టీ పైకి వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలి, సేఫ్టీ కిందికి దించాను. హ్యామర్ పడిపోయింది. అంటే సేఫ్టీ వేసి ఉన్నప్పుడే సియర్, హ్యామర్‌ను పట్టి ఉంచే ముక్క, కదిలిపోతోందన్నమాట. లోపల తూటా ఉండి ఉంటే, సేఫ్టీ తీయగానే పేలేది. పిడి వెనక ఉండే గ్రిప్ సేఫ్టీని ఎవరో చిన్న పిన్నుతో కదలకుండా బిగించేశారు. పాతకాలపు టార్గెట్ పిస్టళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. ఇంత చేసి కూడా ఈ పిస్టల్ నున్నగా, అందంగా వదులుతుంది. దుకాణంలో ఒకసారి నొక్కి చూసినవాడు "ఆహా, ఎంత మంచి ట్రిగ్గర్" అని డబ్బు కట్టేస్తాడు. పాత మార్పుల పిస్టల్ కొనేవాళ్లు నేర్చుకోవలసిన పరీక్ష ఒక్కటే అయితే, అది ఈ సేఫ్టీ పరీక్ష.

ఇథాకా

దీని మీద ఎక్కువసేపు పట్టలేదు. స్లైడ్, ఫ్రేమ్, బ్యారెల్ మూడూ ఆ కాలానికి సరిపోయాయి. బూడిద పచ్చ పార్కరైజ్డ్ పూత (తుప్పు పట్టకుండా వేసే ఫాస్ఫేట్ పూత) అరిగిన చోట సహజంగా అరిగింది, మళ్లీ పూసిన జాడ లేదు. తిరిగి బాగుచేసిన సైనిక ఆయుధాగారాలు కొట్టే ఆర్‌ఐఏ, ఏఏ వంటి ముద్రలు కూడా లేవు. బ్యారెల్ లోపల కొంచెం మసక. 1950ల మొదటిదాకా సైనిక .45 తూటాల్లో ఎక్కువగా వాడిన ప్రైమర్లు తుప్పు పట్టించే రకం కాబట్టి అది మామూలే. ఒకే ఒక్క చెడు: పెద్దాయన దాన్ని తోలు ఒరలోనే పెట్టి సొరుగులో ఉంచాడు. తోలులో మిగిలే ఉప్పులు, తేమ కలిసి కుడివైపు స్లైడ్ మీద చిన్న తుప్పు చుక్కలు తెచ్చాయి.

ఆ కుటుంబంతో నేనే మాట్లాడాను. మీరు ఎక్కువ చెప్పినదానికి అంత విలువ లేదు, తక్కువ చెప్పినదానికి ఇంకా ఎక్కువ ఉంది అని రెండూ ఒకేసారి చెప్పాను. మనవాడు నాకు కొంచెం సైగ చేశాడు గానీ ఆ మాట ఆపుకోలేదు. చనిపోయిన షూటర్ ఇంట్లో, తుపాకుల గురించి తెలియని మనుషుల దగ్గర, తెలిసినవాడు నోరు మూసుకుని లాభపడితే ఆ క్లబ్బులో ఇక ఎవరూ ఎవరినీ నమ్మరు. మార్చిన పిస్టల్‌కు చేయవలసిన మరమ్మతు ఖర్చు, ఫ్రేమ్ పగులు లెక్క చూపించి 1,400 అన్నాను. ఇథాకాకు 2,100 ఇవ్వమన్నాను. రెండింటికీ వాళ్లు ఒప్పుకున్నారు. మొత్తం వాళ్లు మొదట చెప్పినదాని కంటే 600 తక్కువే. కానీ ఏ పిస్టల్‌కు ఏ ధర అన్నది తలకిందులైంది.

కాగితాల పని లైసెన్సు ఉన్న డీలరు దగ్గరే చేయించాను. ఒహైయోలో ఒకే రాష్ట్రంలోని ఇద్దరు నేరుగా అమ్ముకోవచ్చు. అయినా డీలరు దగ్గర నింపే ఫెడరల్ ఫారం 4473 నింపి, నేపథ్య తనిఖీ చేయించుకుంటే రెండువైపులా నిశ్చింత. కలెక్టర్లు తీసుకునే క్యూరియో లైసెన్సు సంగతి అడిగేవాళ్లు చాలామంది. పిస్టల్‌కు 50 ఏళ్లు దాటితే చాలనుకుంటారు, కానీ అసలు రూపంలో ఉండాలన్నది కూడా అందులో భాగమే. ఇథాకా ఆ లెక్కలోకి వస్తుంది. రిబ్ బిగించి, చుక్కలు కొట్టిన రెమింగ్టన్ రాండ్ వయసు సరిపోయినా అందులోకి రాదు.

ఇక్కడున్న మన తెలుగు పిల్లలకు ఒక హెచ్చరిక. హెచ్1బీ వంటి వీసాల మీద ఉన్నవాళ్లను ఫెడరల్ చట్టం సాధారణంగా తుపాకీ దగ్గర పెట్టుకోనివ్వదు. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఈ నిషేధాన్ని స్నేహితుడి పిస్టల్‌ను, రేంజిలో అద్దెకు ఇచ్చే పిస్టల్‌ను చేతిలోకి తీసుకోవడానికి కూడా వర్తింపజేయవచ్చు. సరదా అనుకుని ఫోటో దిగి, గ్రీన్‌కార్డు దాకా వచ్చిన దారిని పాడుచేసుకోవద్దు. ముందు ఇమిగ్రేషన్ వకీలును అడగండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు.

మార్చిన పిస్టల్‌ను మళ్లీ పోటీకి

"దీన్ని మళ్లీ అసలు రూపానికి తెస్తే?" అని మనవాడు అడిగాడు. చాలామంది అడుగుతారు. రిబ్ తీసి, స్లైడ్ పైన రంధ్రాలు వెల్డింగ్‌తో పూడ్చి, చుక్కలు అరగదీసి, కొత్తగా పార్కరైజ్ చేయించవచ్చు. వేయి డాలర్లు దాటే ఖర్చు. అంతా అయ్యాక చేతిలో ఉండేది కలెక్టర్ కాసేపట్లో పట్టేసే నకలు, షూటర్‌కు పనికిరాని సైనిక పిస్టల్. డ్రిల్లు దిగిన రోజే అది కలెక్టర్ల దారి విడిచింది. ఇక అది వెళ్లగలిగిన మంచి చోటు రేంజి ఒక్కటే.

ముందు సేఫ్టీలు. గ్రిప్ సేఫ్టీ బిగించిన పిన్ను తీసి, అది ట్రిగ్గర్‌ను నిజంగా ఆపేలా సరిచేశాను. పాత హ్యామర్ హుక్కులను రాయి మీద మరీ పొట్టిగా అరగదీశారు, వాటిని బాగుచేయడం కుదరదు. కొత్త హ్యామర్, సియర్ తెచ్చి, హుక్కు ఎత్తు అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 20 భాగాలు ఉంచాను. మూడు రేకుల సియర్ స్ప్రింగు కొత్తది. బొటనవేలి సేఫ్టీ కూడా కొత్త సియర్‌కు సరిపోయేలా కొత్తదే వేశాను. ఈ పనిని ఇంటర్నెట్‌లో చూసి ఇంట్లో చేయకండి. అంగుళంలో వెయ్యో వంతు తేడా వస్తే పిస్టల్ తనంతట తాను రెండోసారి పేలవచ్చు. ట్రిగ్గర్ మూడున్నర పౌండ్ల బరువును ఎత్తి, ఇంకొంచెం మిగులు ఉండేలా పెట్టాను. కొత్తలో సరిగ్గా గీత మీద పెడితే, అరిగాక పోటీ తూకంలో తప్పుతుంది.

బ్యారెల్ విషయంలో రెండు దారులు. ఎన్‌ఎం బ్యారెల్‌కు కింది కాళ్లు వెల్డింగ్‌తో పెంచి మళ్లీ కూర్చోబెట్టవచ్చు, లేదా కొత్త మ్యాచ్ బ్యారెల్ వేయవచ్చు. కేసు మొత్తంలో నేను ఎక్కువ ఆలోచించింది ఇక్కడే. మొత్తం పిస్టల్‌లో కలెక్టర్ విలువ మిగిలిన ముక్క ఈ బ్యారెల్ ఒక్కటే. లగ్గుల అంచులు వంగినా, నంబరు చెక్కుచెదరలేదు. ఏదైనా ఆర్మరీ పిస్టల్ పునరుద్ధరించేవాడికి ఇది కావాలి. దాని మీద వెల్డింగ్ పెడితే ఆ విలువ కూడా పోతుంది. అందుకని దాన్నీ, మూతి దగ్గర దాన్ని పట్టి ఉంచే ఉంగరం, బుషింగునూ నూనె రాసి, సంచిలో వేసి, మీద చీటీ రాసి యజమానికి ఇచ్చాను. పిస్టల్‌కు కార్ట్ కంపెనీ మ్యాచ్ బ్యారెల్ తెచ్చి, పై లగ్గులు పూర్తిగా పట్టేలా, కింది కాళ్లు స్లైడ్ స్టాప్ పిన్ను మీద నిలిచేలా ఆకురాయితో కొంచెం కొంచెంగా కూర్చోబెట్టాను.

బోమార్ రిబ్‌ను కదపలేదు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, విడిభాగాలు దొరకడం కష్టం. స్క్రూలు మాత్రం తీసి, శుభ్రం చేసి, నీలం రకం లాకింగ్ జిగురుతో బిగించాను. స్లైడ్ వెనక్కు ముందుకు కొట్టుకునే ప్రతిసారీ ఆ స్క్రూల మీదే భారం పడుతుంది.

మరమ్మతుకు ముందు మెషిన్ రెస్టులో బిగించి, తేలిక తూటాలతో 50 గజాలకు కాలిస్తే పది తూటాలు ఐదు అంగుళాలు దాటి చెల్లాచెదరయ్యాయి. బ్యారెల్ మార్చాక అదే తూటాతో పదీ 3.36 అంగుళాల పది గీతలోపల పడ్డాయి. ఆ తర్వాత చేయగలిగిందంతా షూటర్ చేతిలోనే ఉంది.

పోషణ

రెండు పిస్టళ్లకు రెండు రకాల శ్రద్ధ కావాలి. పేల్చే పిస్టల్‌ను ప్రతి పోటీ తర్వాత పూర్తిగా విప్పి కడగడం మంచి అలవాటని చాలామంది అనుకుంటారు. బిగుతుగా కూర్చోబెట్టిన 1911కు అది మేలు చేయదు. బుషింగును తరచూ తిప్పి తీస్తే ఆ బిగువు అరిగిపోతుంది. బ్యారెల్‌ను చాంబర్ వైపు నుంచి కాకుండా మూతి వైపు నుంచే తుడవవలసి వస్తుంది కాబట్టి, మూతి అంచుకు రాడ్డు తగలకుండా గైడు వాడమన్నాను. లగ్గుల మీద, పట్టాల మీద, బుషింగు దగ్గర నూనె ధారాళంగానే వెయ్యాలి. బిగుతు పిస్టల్ ఎండిపోతే ఆగిపోతుంది. రికాయిల్ స్ప్రింగు, ఫైరింగ్ పిన్ స్ప్రింగు రెండు మూడు వేల తూటాలకు ఒకసారి జంటగా మార్చాలి. 230 గ్రెయిన్ల తూటా కాల్చాలనిపిస్తే ముందు 16 పౌండ్ల స్ప్రింగు వెయ్యాలి. ఖాళీ చాంబర్ మీద స్లైడ్‌ను ధడాలున వదలకూడదు, సన్నటి సియర్ అంచుకు అది దెబ్బ. మ్యాగజీన్లకు నంబర్లు వెయ్యాలి, ఆగిపోతే ఏది ఆపిందో తెలుస్తుంది. సీజను మొదట్లో ట్రిగ్గర్ బరువు, ఆ సేఫ్టీ పరీక్ష తప్పనిసరి.

సీసపు తూటాలు కాల్చేవాళ్లు ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకోకముందే చేతులు కడగాలి, బట్టలు మార్చాలి. పిస్టల్ తాళం వేసిన సేఫులోకి వెళ్లాలి. ఇవి చెప్పకుండా నేను ఏ పిస్టల్‌నూ యజమాని చేతికి ఇవ్వను.

ఇథాకాకు వీటిలో చాలావరకు వర్తించవు. దాన్ని పేల్చవద్దనే చెప్పాను. నిర్దేశించిన బలం మించని తూటాలతో ఎప్పుడైనా ఒకసారి కాల్చడం తప్పు కాదు గానీ, యుద్ధకాలపు స్లైడ్ పగిలితే దాని విలువ వెనక్కు రాదు. తప్పక కాల్చాలంటే కొత్త రికాయిల్ స్ప్రింగు వేసి, పాతది సంచిలో భద్రపరచాలి. తుప్పు చుక్కలను స్టీల్ ఉన్నితో గీరడానికి మనవాడు సిద్ధపడ్డాడు, వెంటనే ఆపాను. పలచటి నూనె రాసి, నాననిచ్చి, మెత్తటి గుడ్డతో ఓపిగ్గా తుడిస్తే పైన లేచిన తుప్పు వస్తుంది, పూత మిగులుతుంది. మచ్చ మిగిలితే మిగలనివ్వాలి. ఆ మచ్చ కంటే కొత్త పూత వల్ల పోయే విలువే ఎక్కువ. తోలు ఒరను విడిగా, పిస్టల్‌ను సిలికా జెల్ ఉన్న సేఫులో విడిగా పెట్టాలి. పైన మ్యూజియం మైనం పలచగా పూయవచ్చు. ఆ కుటుంబం ఎవరు, పెద్దాయన దాన్ని ఎక్కడ సంపాదించాడు అన్నది వాళ్ల చేతే ఒక కాగితం మీద రాయించి, సంతకం చేయించి పిస్టల్‌తో పాటు ఉంచమన్నాను. ఇప్పుడు రాయించకపోతే ఇంకో పదేళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

రెమింగ్టన్ రాండ్‌కు కొత్త నీలం పూత వేయించాలని కూడా అతనికి ఉంది. అలా చేస్తే దానికి నష్టమేమీ లేదు, కలెక్టర్ విలువ ఎప్పుడో పోయింది. కానీ ఇప్పుడు అవసరం లేదు. చెమట పట్టే చోట మైనం రాసుకుంటే చాలు. ఆ డబ్బుతో తూటాలు కొనుక్కోమన్నాను. బ్యారెల్ అరిగి మార్చేటప్పుడు పూత సంగతి కూడా ఒకేసారి చూసుకోవచ్చు.

ఫ్రేమ్ మీది పగులు చివర సన్నటి గీతతో గుర్తు పెట్టి ఉంచాను. ప్రతి సీజను చివర డై పూసి చూస్తాను. ఇంతవరకు ఆ గుర్తు దాటలేదు. దాటితే ఆ వంతెనను కోల్ట్ చేసినట్టే తీసేసి, అంచులు నున్నగా చేస్తాను.